అడుగుమట్టి

నగరి ఊళ్ళో బట్టల అద్దకపు నీళ్ళు చేరే కుంటలో సీసం, క్రోమియం ఎంత ఉన్నాయో తేల్చాలంటే అడుగుమట్టి కావాలి. 1983 వేసవిలో తిరుపతి ల్యాబు నుంచి వచ్చిన ఏకాంబరం, చివరి నమూనా కోసం ఇనుపగొట్టం దించుతూ మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయాడు. ఎంత గుంజుకున్నా కాళ్ళు రాలేదు. చీకటి పడింది.

గట్టు మీద మేకలు తోలుకుపోతున్న దేవకమ్మ అతని కేక విని ఆగింది.

"కదలొద్దప్పా. ఇంటికి పోయి తాడు తెస్తా."

ఆమె వెళ్ళాక ఏకాంబరం గొట్టాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఇంత తడి ఉన్నా ఒక్క కప్ప కూడా అరవడం లేదు. ఆ నిశ్శబ్దంలో గొట్టం అడుగు నుంచి టక్ టక్‌మని రెండు దెబ్బలు వినిపించాయి. గులకరాయేమో అనుకున్నాడు. కాసేపటికి మళ్ళీ రెండు. భయం పోగొట్టుకోవడానికి తానూ ఉంగరంతో రెండుసార్లు కొట్టాడు. వెంటనే కింది నుంచి మూడు వచ్చాయి. బురద తొడల దాకా ఎక్కింది.

లాంతరు పట్టుకుని దేవకమ్మ వచ్చింది. తాడు విసరబోతూ చెయ్యి ఆపింది.

"కింద నుంచి సప్పుడొచ్చిందా?"

"వచ్చిందక్కా."

"నువ్వు గూడా తిరిగి కొట్టినావా?"

"కొట్టినాను. తాడు వెయ్యక్కా."

"తిరిగి కొట్టినోళ్ళను అది వదలదప్పా, తాడేస్తే నన్నూ లాగుతాది." ఆమె లాంతరు కింద పెట్టి, తాడును మెల్లగా చుట్ట చుట్టుకోసాగింది.