కదలని కంటైనర్

"వెనక్కి తియ్యండి, వెనక్కి! బండి ఫ్రేములో పడుతోంది!"

వాకీటాకీ పట్టుకున్న సినిమా మనిషి ఒకడు చేతులు ఊపుతూ వచ్చి లారీకి అడ్డం నిలబడ్డాడు. ఫిల్మ్‌నగర్ ఎత్తు రోడ్డు మీద, నిండు కంటైనర్‌తో లారీ కీచుమని ఆగింది. క్యాబిన్‌లో కూర్చున్న మంజులత ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుంది.

"ఈ ఎత్తు మీద వెనుకకా?" డ్రైవర్ బాలనర్సయ్య తల బయట పెట్టాడు. "జర జరుగుండ్రి సార్. గా మలుపు దాటితే స్టూడియో గేటే. సామాను దింపి మా తొవ్వల మేం పోతం."

"షాట్ ఉందయ్యా. రెండు నిమిషాలు."

ఆ రెండు నిమిషాలు ఎండ నడినెత్తికి ఎక్కేదాకా సాగాయి. బాలనర్సయ్య చక్రాల కింద రాళ్లు పెట్టాడు. అయినా మంజులత మనసులో లారీ అప్పటికే బ్రేకులు తెగి, వెనక్కి జారి, షేక్‌పేట దాకా పోయి వచ్చింది.

పక్కనే కూతురు స్ఫూర్తి గోళ్లు కొరుక్కుంటోంది. డిపోకు రైల్లో వచ్చిన కంటైనర్లను ఊళ్లోకి చేర్చి, సాయంత్రంలోగా ఖాళీ డబ్బాను మళ్లీ డిపోలో అప్పజెప్పించడం ఆమె ఉద్యోగం. దారిలో బండి ఎక్కడా ఆగకూడదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజరు పొద్దున్నే తెగేసి చెప్పాడు. ఆ మాట చెవిన పడ్డాక ఇంట్లో కాలు నిలవకే మంజులత కూడా లారీ ఎక్కింది.

స్ఫూర్తి దిగి మర్యాదగానే అడిగింది. "సార్, దారి ఖాళీగ ఉంటదా అని నిన్ననే గేటుకు ఫోన్ చేసి కనుక్కున్న. ఉంటదన్నరు."

"నిన్న ఖాళీయే మేడమ్. ఇవాళ మేమున్నాం." అతని పేరు సిద్ధార్థ, అసిస్టెంటు డైరెక్టరట. పేరు చెప్పడానికి ఉన్న తీరిక దారి ఇవ్వడానికి లేదు.

ఇక మంజులత వల్ల కాలేదు. కొంగు బిగించి దిగింది.

"ఏంది నాయనా షాట్? కెమెరా మీద గుడ్డ కప్పి ఉన్నది. మీ హీరో గొడుగు కింద కూసొని ఫోన్ చూసుకుంటున్నడు. ఎవలను తీస్తున్నరు, కాకులనా?"

"లైట్ కోసం ఆగామమ్మా."

"ఇంత ఎండ పెట్టుకొని లైట్ కోసమా!"

లైట్‌మన్లు కిసుక్కున నవ్వారు. సిద్ధార్థకు కోపం వచ్చింది. "చూడండమ్మా, మాకు ఇవాళే ఆఖరి రోజు. దయచేసి చెడగొట్టకండి."

"నీ పుణ్యమాని నా బిడ్డకు గూడ ఇదే ఆఖరి రోజు అయితది! కొన్నరా ఈ రోడ్డు? మీ తాత ఏసిండా? పెద్ద బండి ఎక్కడన్న అడ్డం ఉంటే ఊరంత తిడ్తరు. మీరు ఊరికే కూసుంటే మాత్రం మేం సప్పుడు జెయ్యొద్దా?"

అంతలో డైరెక్టర్ పిలుస్తున్నాడని కబురొచ్చింది. సిద్ధార్థ గొణుక్కుంటూ రోడ్డు చివర ఉన్న క్యారవాన్‌లోకి పోయాడు. స్ఫూర్తి ఫోన్ మోగింది. మేనేజరు. "లేదు సార్... కదులుతం సార్... జర ఓపిక పట్టుండ్రి సార్..." అంటూ ఆ పిల్ల ఫోన్‌కే దండాలు పెడుతోంది.

మంజులత చుట్టూ చూసింది. లైట్‌మన్లు, మేకప్ వాళ్లు, హీరోను చూడటానికి వచ్చి తోచక లారీని చూస్తున్న జనం. ఎన్ని కళ్లు! ఇంతమంది ఇట్లా గుడ్లప్పగించి చూస్తుంటే బండి కదులుతుందా? ఇక్కడితో ఉద్యోగం పోతుంది, రేపు ఇంకెవరూ పని ఇవ్వరు, పిల్ల తిండి మానేసి మంచం పడుతుంది...

గబగబా సందు మూల మీది కూరగాయల బండి దగ్గరికి పోయింది. బిందె అంత బూడిద గుమ్మడికాయ చంకన పెట్టుకొని, పక్క కిరాణంలో కర్పూరం తీసుకొని వచ్చింది.

"అమ్మా, గీడ వద్దే! ఇజ్జత్ పోతది!" స్ఫూర్తి కొంగు పట్టుకుంది.

"నౌకరి పోయినంక ఇజ్జత్ ఏం జేసుకుంటవే?"

"ఇంటికి పోయినంక తీద్దువు అక్కా," అన్నాడు బాలనర్సయ్య.

"కండ్లు పడ్డది గీడ, తీసేది ఇంటికాడనా? నువ్వు స్టీరింగ్ కాడ కూసో!"

కర్పూరం వెలిగించి లారీ చుట్టూ తిరిగింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఈ సినిమావోళ్ల పాడు దిష్టి..." అంటూ కసి అంతా కూడగట్టుకొని రోడ్డు నడిమధ్య ఫెడీమని కొట్టింది. ముక్కలు ఎగిరి హీరో గొడుగు దాకా వెళ్లాయి.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో ఈల వేశారు. లైట్‌మన్లు ఒకరినొకరు కావలించుకున్నారు. చూస్తుండగానే వైర్లు చుట్టేశారు, గొడుగు మూసేశారు, హీరో అందరికీ దండం పెట్టి కారెక్కాడు. వ్యాన్లు ఒకదాని వెనుక ఒకటి దిగిపోయాయి. క్యారవాన్‌లోంచి బయటికొచ్చిన సిద్ధార్థ ఖాళీ రోడ్డు మీద తల పట్టుకొని అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు.

"సూసినవా? దిష్టి తీస్తే ఇజ్జత్ పోతదంటివి," అంది మంజులత, క్యాబిన్‌లో దర్జాగా సర్దుకొని కూర్చుంటూ.

లారీ మలుపు తిరిగి స్టూడియో గేటు ముందు ఆగింది. స్ఫూర్తి ముఖంలోకి నవ్వు వచ్చింది. గబగబా దింపేస్తే సాయంత్రానికి ఖాళీ డబ్బా డిపోలో ఉంటుంది.

వాచ్‌మన్ కాగితం అందుకొని, కంటైనర్ మీది నంబరు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇప్పుడా తెచ్చేది తల్లీ? పొద్దుగాల్నుంచి వాళ్లు రోడ్డు మీద కూసున్నది ఈ డబ్బాల ఉన్న లైట్ల కోసమే గద! ఇంక దించుకునేటోడు ఒక్కడు లేడు. షూటింగ్ అయిపోయిందని ఎవలో గుమ్మడికాయ కొట్టిన్రంట, యూనిట్ యూనిటంత ఇండ్లకు పోయింది!"