ముళ్లపంది రాజీనామా

ఆ అడవిలో తత్త్వం మాట్లాడుకునేవాళ్లు తలో మూలా ఉండేవారు. అందుకని వాళ్ల గోష్ఠి నడిపే పని గోరువంక నెత్తిన పడింది. ఒకరన్న మాట పొల్లు పోకుండా మిగతా అందరి దగ్గరికీ ఎగిరి వెళ్లి చెప్పిరావాలి. రెక్కలు పీకుతున్నా ఆ పనంటే దానికి మహా సరదా.

ఒకరోజు పగటి నిద్ర చెడిన ముళ్లపంది బొరియలోంచి కసిరింది. "పొద్దస్తమానం మీ గోలేంటే! నన్ను గోష్ఠిలోంచి తీసెయ్."

గోరువంకకు ప్రాణం ఉసూరుమంది. అయినా పద్ధతి పద్ధతే కదా, ఆ మాటనూ అందరికీ చేరవేసింది. అంతే, చర్చ అంటుకుంది.

"తీసెయ్యమంటున్న ఆ 'నేను' ఎవరు?" అని కప్ప అడిగింది.

"నిరుడు చేరిన ముళ్లపందే అయ్యుంటుందా?" అని తాబేలు సాగదీసింది.

"ఎలా అవుతుంది? పాత ముళ్లు రాలి కొత్తవి మొలిచాయిగా!" అని దుప్పి తేల్చేసింది.

గోరువంక ఇవన్నీ మోసుకొచ్చి భయపడుతూనే వినిపించింది. "ఇదే ఆఖరు, అన్నా. నిన్ను తీసేశాను, హాయిగా పడుకో," అని రెక్కలు విప్పింది.

"ఆగవే! ముళ్లు రాలితే నేను నేను కాకుండా పోతానా? ఏటేటా కొమ్ములు రాల్చుకునే ఆ దుప్పి ఎవరో ముందు దాన్నే చెప్పమను!"

"మరి తీసెయ్యమన్నావుగా?"

"తీసేద్దువుగానిలే, ముందు ఇది చెప్పిరా."

గోరువంక నవ్వాపుకుంటూ ఎగిరింది. తిరిగొచ్చేసరికి ముళ్లపంది మిట్టమధ్యాహ్నపు ఎండలో బొరియ బయట కూర్చుని ఉంది.

"ఏమందే?" అంది.