మాత్రల దొంగ

కొడుకు మాత్రలు కోడలే మాయం చేస్తోందని కాశమ్మ తేల్చేసింది.

మోహన్‌కు స్కిజోఫ్రీనియా. మందు వాడుతున్నా చెవిలో గొంతులు ఆగలేదు. పోర్టులో పని మానేసి, మల్కాపురంలో ఇంటి గుమ్మం పట్టుకు కూర్చున్నాడు. రక్తం పరీక్షిస్తే, అందులో మందు ఉండాల్సినంత లేదంది డాక్టర్ అనూరాధ.

కాశమ్మకు లోకమంతా దొంగలే. భీమిలిలో పుట్టింటికి వెళ్లినప్పుడల్లా బస్సులో వాంతులు. మాత్ర వేసుకున్నా ఆగవు. మందుల షాపువాడు సుద్దముక్కలు అమ్ముతున్నాడని వాడినీ తిట్టేది. ఇప్పుడు డాక్టర్ ముందే కోడల్ని నిలదీసింది.

"ఒలే సీతాలూ! మాత్రలు ఏటి సేత్తన్నావే? అమ్ముకుంటన్నావా?"

"నాను తియ్యనేదత్తా. రోజూ నా సేత్తోనే ఏత్తన్నాను."

"దొంగెవరో తేలనీ. ఆ రోజే బట్టలు సర్దుకుని పుట్టింటికి పోవాల. డాట్రమ్మ ముందరే సెప్తన్నాను!"

సీతాలు కళ్లు తుడుచుకుంది.

మాత్రల అట్ట కాశమ్మ బొడ్లోకి చేరింది. తనే మింగించేది. నాలుక ఎత్తించి మరీ చూసేది.

"గేలానికి సిక్కిన సేపనేటమ్మా నాను?" అని మోహన్ నవ్వేవాడు.

మళ్లీ పరీక్ష చేశారు. మందు మళ్లీ తక్కువే. అనూరాధ ఈసారి జన్యుపరీక్ష కోసం మోహన్ రక్తంతో పాటు తల్లి రక్తమూ తీయమంది.

"నాదెందుకు? దొంగది తియ్యండి!" కాశమ్మ కోడలి చెయ్యి ముందుకు లాగింది.

ఫలితం చూసి అనూరాధ మందు మార్చింది. కొన్ని వారాలకు గొంతులు సద్దుమణిగాయి. మోహన్ మళ్లీ పనిలో చేరాడు. ముగ్గురూ ఆసుపత్రికి వచ్చారు.

"ఈ కొత్త మాత్రలు దొంగకి నచ్చనట్టున్నాయి," అంది కాశమ్మ, కోడల్ని చూస్తూ.

"మాత్రలు ఎవరూ తియ్యలేదమ్మా," అంది అనూరాధ. "అవి పనిచేసేలోపే మోహన్ ఒళ్లు వాటిని విరగ్గొట్టి బయటికి పంపేసింది. కొందరి ఒంటితీరు అంతే, కొన్ని రకాల మందులు నిలవవు. పుట్టుకతో వస్తుంది. తల్లి నుంచో, తండ్రి నుంచో."

"ఆడి బాబే! ఆ వంశమే దొంగ వంశం. సచ్చినా మనల్ని ఒగ్గనేదు!"

"ఆయన నుంచి కాదు."

కాశమ్మ నోరు మూతపడింది. సీతాలు మాత్రం తెరిచింది.

"భీమిలి బస్సుకి ఇంకా టైముందత్తా, నీ బట్టలు సర్దీమంటావా? వాంతుల మాత్ర మటుకు కొనకు, దండగ!"