నాలుగొందల జాకెట్టు

"నూట యాభై అండి," అంది షమీమ్, మిషను మీంచి తలెత్తకుండానే.

ఫెబా టీచరు సంచిలోంచి పట్టుబట్ట తీస్తూ ఆగింది. "లైనింగుతోనా?"

"ఎక్కువనిపిస్తే నూట ముప్పై ఇవ్వండి."

ఫెబా బట్టను మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. "ఏమీ అనుకోకమ్మా. ఇది మా చెల్లి పెళ్లికి కట్టుకునే చీరలోది. నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే నేనెలా ఇవ్వను? బజార్లో నాలుగొందలిచ్చి కుట్టించుకుంటాలే."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. షమీమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్కన కూర్చుని హుక్కులు కుడుతున్న అత్త ఖుర్షిదా గయ్యిమంది. "టీచరైతే మాత్రం అంత పొగరా!"

పర్చూరులో షమీమ్ కుట్టుకు వంక పెట్టినవాళ్లు లేరు. రేటు పెంచవే అని ఖుర్షిదా రెండేళ్లుగా పోరుతోంది. "ఇంట్లోవాళ్లకి నేనేం చేసినా బాగానే ఉంటుందిలే అత్తా. బయట నాకెవరిస్తారు అంత?" అనేది షమీమ్.

టీచరు మాట రెండు రోజులు ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. మూడోనాడు పొగాకు రైతు భార్య వెంకటరావమ్మ మూడు జాకెట్టు ముక్కలు తెచ్చింది.

"ఎంతమ్మాయ్?"

"నాలుగొందలండి. ఒక్కోటి." అనేసి షమీమ్ మిషను మీది బట్టను అనవసరంగా సర్దింది.

వెంకటరావమ్మ ఎగాదిగా చూసింది. "ఏంటీ, ఒక్కసారే అంత పెంచేశావా?"

"నా కుట్టు ఊడదండి. చంక దగ్గర ముడత పడదు."

"అది నిజమేలే. శుక్రవారానికి ఇచ్చెయ్."

ఖుర్షిదా తలెత్తలేదు. సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండిపోయింది.

నాలుగొందలు పెట్టి కుట్టించానని వెంకటరావమ్మ వీధంతా చెప్పుకుంది. ఇక మిగతావాళ్లు ఆగుతారా? నూట యాభైకి రానివాళ్లు కూడా నాలుగొందలకు వచ్చారు. వేసవి పెళ్లిళ్లు మొదలయ్యేసరికి షమీమ్ రెండో మిషను కొంది. ఇప్పుడు రేటు చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మొహంలోకి చూస్తోంది.

ఒక ఆదివారం షమీమ్ సేమ్యా పాయసం గిన్నెతో ఫెబా టీచరు ఇంటికి వెళ్లింది.

"ఆ రోజు మిమ్మల్ని బాగా తిట్టుకున్నానండి. మీరలా అనకపోతే నేనింకా నూట యాభై దగ్గరే ఉండేదాన్ని. మా అత్తకి మాత్రం మీ మీద కోపం పోలేదు. ఇప్పటికీ మీ పేరెత్తితే చాలు, తిడుతూనే ఉంటుంది."

ఫెబా పగలబడి నవ్వింది. పాయసం గిన్నె అందుకుని, షమీమ్ చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు నన్ను పంపింది ఆవిడేనమ్మా."