చేపల కంపు

తండ్రి వానపామును గోటితో రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క గాలానికి గుచ్చాడు. రెండోది జారిపోకుండా పెదాల మధ్య పట్టుకున్నాడు.

కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. రిజర్వాయరు నీళ్ళ మీద మంచు. అద్దెపడవలో ఇద్దరే ఉన్నారు. పడవ అడుగున ఎప్పటివో చేప పొలుసులు, కుళ్ళిన నాచు, పాదాలు మునిగేంత మురికినీళ్ళు. కొడుకు రెండు కాళ్ళూ ఎత్తి అడ్డపలక మీద పెట్టుకున్నాడు. ఇస్త్రీ చేసిన పొడుగుచేతుల చొక్కాలో, పెళ్ళిపందిట్లో పేడ తొక్కినవాడిలా కూర్చున్నాడు. అతనిది కళ్ళద్దాల దుకాణం. అద్దం మీద వేలిముద్ర పడితేనే ఓర్చుకోలేని మనిషి.

"నేను వెళ్ళను గాక వెళ్ళను," అని ముందురోజే తల్లితో తెగేసి చెప్పాడు.

"ఆపరేషన్ బల్ల ఎక్కేముందు ఆయన అడిగింది ఇదొక్కటేరా," అంది తల్లి. "కొడుకుతో ఓ పొద్దుట చేపలు పట్టాలట. సాయంత్రానికి ఎటూ ఆస్పత్రిలో చేరిపోవాలి. నా మొహం చూసి వెళ్ళు."

ఆవిడ మొహం చూసే వచ్చాడు. ఈయన మొహం చూసి వచ్చేవాడు కాదు.

ఎలా వస్తాడు? అతను రెండో తరగతిలో ఉండగా, సబ్బు కొనుక్కొస్తానని గడప దాటిన మనిషి ఈయన. వేరే ఊళ్ళో, వేరే ఆవిడతో, మార్కెట్లో చేపలు కోసుకుంటూ పాతికేళ్ళు గడిపేశాడు. నాలుగు నెలల కిందట చంకలో సంచీతో గుమ్మం ముందు నిలబడ్డాడు. అప్పట్నించీ ఆయన్ని ఆస్పత్రికి తిప్పడమే తల్లికి పని. రక్తపరీక్షలు, స్కానింగులు, సంతకాలు. "అవసరం వస్తే అందరూ అయినవాళ్ళే," అని మేనమామ మూతి విరిచి వెళ్ళిపోయాడు.

తండ్రి ఖాండ్రించి నీళ్ళలో ఉమ్మాడు. ఆ ఉమ్ము తేలుకుంటూ వచ్చి పడవ పక్కనే ఆగింది.

"ఉమ్మితే చేపలొస్తాయి బాబూ," అని నవ్వాడు. పై వరసలో ఉన్నవి రెండే పళ్ళు. రెండూ పచ్చగా ఉన్నాయి. "చుట్ట మాన్పించారు డాక్టర్లు. ఇదొక్కటీ మానలేకపోతున్నా."

కొడుకు తెడ్డు అందుకోబోతే తండ్రి లాక్కున్నాడు. "నువ్వు కూర్చో. నేనున్నాగా."

తెడ్డు వేసి వేసి అలిసిపోయి, సీసా మూతి నోట్లో పెట్టుకుని గటగటా నీళ్ళు తాగాడు. సగం గడ్డం మీదుగా కారాయి. సీసాను చొక్కా అంచుతో తుడిచి కొడుకు వైపు చాచాడు. అంతలోనే నాలుక్కరుచుకుని వెనక్కి తీసేసుకున్నాడు.

కొడుకు నోరెండిపోతోంది. అయినా చచ్చినా ఆ సీసా ముట్టుకునేవాడు కాదు.

బెండు మునిగింది. చెయ్యంత జెల్లచేప పడింది. తండ్రి దాన్ని మోకాలి కింద అదిమిపెట్టి, మొప్పల్లోకి బొటనవేలు దూర్చి గాలం ఊడబెరికాడు. అక్కడికక్కడే కత్తితో పొట్ట చీల్చాడు. లోపలికి వేళ్ళు పోనిచ్చి ఒక్క లాగుకి పేగులన్నీ బయటికి తీశాడు.

"చూశావా? ఏదీ చిట్లకూడదు. అదీ పనితనం!"

మోచేతి దాకా నెత్తురూ జిగురూ. ఆ చేత్తోనే చెవి గోక్కున్నాడు.

కొడుకు పడవ అంచు పట్టుకుని భళ్ళున కక్కాడు. తండ్రి చేపని వదిలేసి అతని వీపు రాయబోయాడు.

"ముట్టుకోవద్దు!"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు కాసేపు చూసుకుని, ముసలాయన మళ్ళీ తెడ్డు అందుకున్నాడు. పడవ ఒడ్డు చేరింది.

దిగుతుంటే తండ్రి నాచు మీద కాలు జారాడు. పడవ అంచుకి నడుము తగిలి, వెల్లకిలా బురదలో పడ్డాడు.

కొడుకు ఒక్క ఉదుటున దూకాడు. ఇస్త్రీ చొక్కా గుర్తు లేదు, బూట్లు గుర్తు లేవు. బురదలో మోకాళ్ళ మీద కూలబడి తండ్రిని పక్కకి ఒత్తిగిలించాడు.

"ఎక్కడ తగిలింది? నడుమేనా? ఇక్కడ నొక్కితే నొప్పిగా ఉందా? చెప్పండి!"

చొక్కా పైకెత్తి, ఆ బురద వీపునంతా తడిమి తడిమి చూశాడు.

"ఏం కాలేదురా. ఊరికే గీసుకుంది." పాతికేళ్ళ తర్వాత మొదటిసారి 'రా' అన్నాడు తండ్రి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకేమన్నా అయితే నువ్వింత ఇదైపోతావని అనుకోలేదు. ఇంక చాల్రా నాకు."

కొడుకు చప్పున చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఇందాక చేప కోస్తుంటే కలిగిన రోత ఇప్పుడు తన చేతుల మీదే కలిగింది. "నాన్నా" అనబోయాడు.

"పదండి. అమ్మ ఎదురుచూస్తుంటుంది," అన్నాడు.

సాయంత్రం ఆస్పత్రి గదిలో తండ్రీ కొడుకూ చెరో మంచం మీద కూర్చున్నారు. కొత్తగా డ్యూటీ ఎక్కిన నర్సు సూది మందు పళ్ళెంతో లోపలికొచ్చి, వాసనకి ముక్కు చిట్లించింది. ఎంత సబ్బు అరగదీసినా ముసలాయన్ని చేపల కంపు వదల్లేదు.

"పేషెంటు మీరేనా తాతగారూ?"

తండ్రి ఆ రెండు పళ్ళతో నవ్వుతూ పక్క మంచం వైపు చూపించాడు.

"మా అబ్బాయమ్మా పేషెంటు, నేను వాడికి కిడ్నీ ఇవ్వడానికొచ్చాను."