దిండు కింద కాగితం

పరమేశ్ కుడిచెయ్యి కాంక్రీటు కలిపే మిషన్‌లో పడి నలిగిపోయింది.

అరబ్బు దేశంలో, సఖీర్ అనే చోట కడుతున్న కొత్త భవనం దగ్గర జరిగిందది. ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. పదిహేను రోజుల తర్వాత రిఫాలోని లేబర్ క్యాంపుకు తెచ్చి, మంచం మీద దించి పోయారు.

మర్నాడే ఫోర్‌మన్ ఒక కాగితం తెచ్చాడు.

ఒకపక్క అరబ్బీ, ఒకపక్క ఇంగ్లీషు. పరమేశ్‌కు రెండూ రావు. వేలిముద్ర వేస్తే పాస్‌పోర్టు చేతికొస్తుందని, శుక్రవారం విమానానికి ఇంటికి పోవచ్చని, నష్టపరిహారం సంగతి కంపెనీయే చూసుకుంటుందని చెప్పాడు. సాయంత్రం వస్తానని కాగితం అక్కడే పెట్టి వెళ్లాడు.

క్యాంపులో మరుగుదొడ్లు కడిగే సోమేశ్వరరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, కోస్తా వైపు వాడు.

"ఆ కాగితం ఓసారి ఇలా ఇవ్వు బాబూ."

అతని చేతుల నుంచి ఫినాయిల్ వాసన కొట్టింది. పరమేశ్ కాగితాన్ని దిండు కిందికి తోశాడు.

"నీకేం సమజైతది పెద్దమనిషీ? నీ పని నువ్వు చూస్కో."

సోమేశ్వరరావు కదల్లేదు. అందులో ఏముందో తెలియకుండా వేలిముద్ర వెయ్యొద్దన్నాడు. ఈ దేశంలోనూ కోర్టులున్నాయని, తానే వెంట వస్తానని అన్నాడు.

గదిలోవాళ్లు నవ్వారు. పరమేశ్ కూడా నవ్వాడు.

సాయంత్రం ఎడమ బొటనవేలితో ముద్ర వేశాడు.

గురువారం ఆఫీసులో పాస్‌పోర్టు ఇచ్చారు. నష్టపరిహారం ఎప్పుడొస్తుందని అడిగితే, మలయాళీ గుమస్తా ఆ కాగితం తీసి, అందులో ఉన్నది హిందీలో చెప్పాడు. తప్పు నాదే. కంపెనీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇకముందు ఉండదు.

"ఖలాస్, భాయ్," అని ఫైలు మూసేశాడు.

పరమేశ్ క్యాంపుకు తిరిగొచ్చి నేరుగా సోమేశ్వరరావు గదికి వెళ్లాడు.

అక్కడ ఆయనతోపాటు గదిలో ఉండే బుల్లిరాజు ఒక్కడే ఉన్నాడు. ముసలాయనవి బట్టలు మడిచి సంచిలో పెడుతున్నాడు. బుధవారం ఆయన్ని కర్జకాన్ సైటుకు పంపారని, ఎండలో పడిపోయిన మనిషి మళ్లీ లేవలేదని చెప్పాడు.

పరమేశ్ మంచం అంచున కూలబడ్డాడు.

"ఆయనకు ఇంగ్లీషు ఒచ్చునా?"

బుల్లిరాజు చేతులు ఆగిపోయాయి. తనదీ ఆయనదీ ఒకే ఊరని, ఆయనెవరో ఎవరికీ చెప్పొద్దని ఆయన తనతో ఒట్టు వేయించుకున్నారని అన్నాడు.

"రెండోసారి ఎలక్షన్లో ఓడిపోయి, ఉన్నదంతా ఊడ్చుకుపోయాక ఇలా వచ్చేశారండీ. మా ఎమ్మెల్యేగారు."

సంచి మూతి కడుతూ మెల్లగా చెప్పాడు.

"అంతకు ముందు లాయరండీ, మిల్లుల్లో చేతులు పోయిన కూలోళ్ల కేసులే పట్టేవోరు, ఒక్కటీ ఓడిపోలేదు."