చురుకి చివరి పరీక్ష

చీమల బారుకి ముందు నడిచే చీమను బల్లి మింగిందంటే చాలు, వెనకున్నవన్నీ దారి తెలియక చెల్లాచెదురయ్యేవి. "ఎవరు పోయినా బారు ఆగని ఉపాయం కనిపెడతాను," అంది చురుకి అనే చీమ. రాణిచీమ మురిసిపోయి, మూడు వానాకాలాలు గడువిచ్చి, రోజుకో పంచదార పలుకు ఇప్పించింది.

ఇక చురుకి ఊరుకుంటుందా? నడుస్తున్న బారులోంచి ఉన్నట్టుండి ఒక చీమను పక్కకి లాగేసేది. మిగతావి తికమకపడితే, "ముందున్నది పోతే పక్కదాన్ని అడగండి!" అని అరిచేది.

"కూర్చోబెట్టి మేపుతుంటే బారునే చెడగొడుతోంది," అని పోతమ్మ అనే ముసలి చీమ కారాలు మిరియాలు నూరేది. గడువు చివరి రోజున నిలదీసింది కూడా. "నువ్వు అరిస్తేనే కదే సర్దుకుంటున్నాం! నువ్వే లేకపోతే?"

చురుకికి అప్పుడు తట్టింది. నిజమే, తనను తాను ఎప్పుడూ లాగి చూడలేదు! గబగబా వెళ్ళి ఆకు చాటున నక్కింది.

అంతలో బెల్లంముక్కను మోసుకొస్తున్న బారు మీదికి బల్లి దూకనే దూకింది. ముందున్న చీమ రాతి సందులోకి దూరిపోయింది. బారు ఒక్క క్షణం తడబడి, ఒకదాన్నొకటి అడుగుతూ, రాయి చుట్టూ తిరిగి, బెల్లంముక్కతో సహా పుట్ట చేరింది.

ఆకు చాటున చురుకి ఎగిరి గంతేసింది. "నన్నెవరూ వెతకలేదు! నన్నెవరూ వెతకలేదు!"